‘నాకు’ పేజీ, ‘నుంచి’ పేజీ: తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్ళు ఇంగ్లీషు సాధన చేసే పద్ధతి

డిగ్రీ మొదటి సంవత్సరం, మొదటి ఇంటర్నల్ పరీక్ష. ఇంటర్ దాకా తెలుగు మీడియంలోనే చదివి, బీఎస్సీకి విజయనగరం వచ్చి ఇంగ్లీషు మీడియంలో చేరాను. బోటనీ పేపర్లో మూడో ప్రశ్న: ‘డిస్టింగ్విష్ బిట్వీన్ మైటోసిస్ అండ్ మియోసిస్’. సమవిభజన, క్షయకరణ విభజన బొమ్మలతో సహా నాకు కంఠతా వచ్చు. ‘డిస్టింగ్విష్’ అంటే మాత్రం తెలీదు. రెండూ ఎలా జరుగుతాయో రాయమన్నారా, ఒకదాని తర్వాత ఒకటి ఎలా వస్తాయో రాయమన్నారా? పేజీ ఖాళీగా వదిలేసి వచ్చేశాను. బయటికొచ్చాక పక్క బెంచీ అమ్మాయి ‘భేదాలు రాయమన్నారే’ అంది. హాస్టలుకి వెళ్ళేదాకా ఏడుపు ఆగలేదు.

తొమ్మిదేళ్ళుగా సాయంత్రం ఆరు నుంచి ఏడున్నర దాకా మా ఇంటి వరండాలో డిగ్రీ, డిప్లొమా పిల్లలకి ఇంగ్లీషు చెప్తున్నాను. అందరూ తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్ళే. మొదటిరోజు వాళ్ళకి చెప్పేదే ఇక్కడా చెప్తున్నాను. మనం రాసే ఇంగ్లీషులో తప్పులు ఎక్కడపడితే అక్కడ పుట్టవు. తెలుగు వాక్యం ఇంగ్లీషు వాక్యాన్ని తనవైపు లాగే చోట పుడతాయి. ఆ చోట్లు లెక్కపెట్టగలిగినన్నే ఉన్నాయి. ఒక్కో చోటుకీ తెలుగులోనే పేరు పెట్టి, ఒక్కో పేజీ ఇచ్చి, రోజూ కాసేపు దానిమీద పనిచేస్తే సరిపోతుంది.

కావలసినవి: 200 పేజీల రూళ్ళ నోటుబుక్కు, పెన్సిలు, ఇంట్లో పడున్న పాత శుభలేఖలు, రోజుకి నలభై నిమిషాలు.

సెలవు చీటీతో మొదలుపెట్టండి

మనందరికీ ఒక ఇంగ్లీషు ఉత్తరం నోటికి వచ్చు. ‘యాజ్ ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్, ఐ యామ్ అనేబుల్ టు కమ్ టు స్కూల్. కైండ్లీ గ్రాంట్ మి లీవ్ ఫర్ టూ డేస్.’ బట్టీ పట్టిందే కదా అని దాన్ని తీసిపారేయకండి. తప్పులేని మంచి వాక్యాలు అవి, మీ దగ్గర అప్పటికే ఉన్న ఆస్తి.

నా దగ్గరికి వచ్చే ఒక అమ్మాయికి రెండు రోజులు కాలేజీకి సెలవు కావాల్సి వచ్చింది. వాళ్ళ నానమ్మకి కంటిశుక్లాల ఆపరేషను, తోడుండాలి. చీటీలో మాత్రం ‘ఫీవర్’ అని రాసి ఇచ్చింది. ఎందుకలా రాశావమ్మా అంటే, ‘నాకు వచ్చిన వాక్యం అదొక్కటేనండీ’ అంది. నిజం చెప్పడానికి వాక్యం లేక ఆ పిల్ల అబద్ధం రాయాల్సి వచ్చింది. ఆ సాయంత్రమంతా ఆ చీటీతోనే గడిపాం.

ఎలాగంటే, ఒకసారికి ఒక్క ముక్క మార్చాలి. ముందు ఫీవర్ తీసేసి జాండిస్ పెట్టండి, టైఫాయిడ్ పెట్టండి. చెయ్యి అలవాటు పడ్డాక ‘యాజ్’ తర్వాతి ముక్కంతా మార్చండి. ‘యాజ్ మై సిస్టర్ ఈజ్ గెటింగ్ మ్యారీడ్ ఆన్ ఫ్రైడే’, ‘యాజ్ ఐ హ్యావ్ టు టేక్ మై ఫాదర్ టు ద హాస్పిటల్’. ఆ తర్వాత మనిషిని మార్చండి. ‘ఐ’ తీసి ‘మై బ్రదర్’ అని పెట్టగానే ‘యామ్’ కాస్తా ‘ఈజ్’ అవ్వాలి, ‘హ్యావ్’ కాస్తా ‘హ్యాజ్’ అవ్వాలి. అవి చెయ్యి మీద పడి అలవాటు కావాలంటే ఇదే దారి. ఒక్క చీటీ నుంచి ఇరవై వాక్యాలు వస్తాయి. సాయంత్రం ఏడు దాటాక ఆ అమ్మాయి రాసింది ఇది: ‘యాజ్ మై గ్రాండ్‌మదర్ ఈజ్ హ్యావింగ్ ఎ క్యాటరాక్ట్ ఆపరేషన్ టుమారో, ఐ హ్యావ్ టు స్టే విత్ హర్.’ తను ఇంగ్లీషులో రాసిన మొదటి నిజం అది.

నోటుబుక్కులో పేజీలు

ఇక గ్రామరు. పుస్తకం మొదటి పేజీ నుంచి నౌన్, ప్రోనౌన్ అని మొదలుపెడితే యాక్టివ్ వాయిస్ దాకా వచ్చేసరికి ఓపిక అయిపోతుంది. మన నోటుబుక్కులో పేజీలకి తెలుగు పేర్లే పెడదాం.

మొదటిది ‘నాకు’ పేజీ. తెలుగులో మన ఒంటికీ మనసుకీ సంబంధించిన వాక్యాలు ఎన్నో ‘నాకు’తో మొదలవుతాయి. నాకు తెలుసు, నాకు కావాలి, నాకు ఆకలేస్తోంది, నాకు చలేస్తోంది, నాకు జ్వరం వచ్చింది, నాకు గుర్తుంది, నాకు ఇద్దరన్నలు, నాకు ఈత వచ్చు. దీన్ని ‘టు మి’ అని మొదలుపెట్టారా, వాక్యం అక్కడే కూలబడుతుంది. ఇంగ్లీషులో ఆ మనిషి ముందుకొచ్చి ‘ఐ’ అయిపోతాడు. పేజీని రెండు గీతలతో మూడు అరలు చేయండి. మొదటి అరలో సొంత క్రియ ఉన్నవి: ఐ నో, ఐ వాంట్, ఐ రిమెంబర్, ఐ కెన్ స్విమ్. రెండో అరలో ‘యామ్’ తీసుకునేవి: ఐ యామ్ హంగ్రీ, ఐ యామ్ కోల్డ్, ఐ యామ్ అఫ్రైడ్. మూడో అరలో ‘హ్యావ్’ తీసుకునేవి: ఐ హ్యావ్ ఎ ఫీవర్, ఐ హ్యావ్ టూ ఎల్డర్ బ్రదర్స్. నోట్లోంచి ‘నాకు’ వచ్చిన ప్రతిసారీ అది ఏ అరలోకి వెళ్తుందో చూసి రాసుకోండి. వారంలో పేజీ నిండుతుంది.

ఈ పేజీలోనే ఇంకో జబ్బుకి మందుంది. ‘ఐ యామ్ నోయింగ్’, ‘ఐ యామ్ హ్యావింగ్ టూ బ్రదర్స్’ అని చాలామంది అంటారు. తెలుగులో ‘నాకు తెలుసు’ అనాల్సిన చోట ‘నాకు తెలుస్తోంది’ అంటామా? ‘నాకు ఇద్దరన్నలు ఉంటున్నారు’ అంటామా? అనం. తెలియడం, కలిగి ఉండడం జరుగుతూ ఉండే పనులు కావు, ఉన్న స్థితులు. ఆ తేడా మీ చెవికి తెలుగులో చిన్నప్పుడే తెలుసు. అనుమానం వస్తే తెలుగులో అని చూసుకోండి. నానమ్మ ఆపరేషను వాక్యంలో ‘హ్యావింగ్’ ఎందుకు సరిపోయిందంటే, అది రేపు జరగబోయే పని కాబట్టి.

రెండోది ‘నుంచి’ పేజీ. ‘ఐ యామ్ లివింగ్ హియర్ ఫ్రమ్ టూ ఇయర్స్’ అనే వాక్యం విననిరోజు నాకు లేదు. తప్పు ఎక్కడుందో చూడండి. విజయనగరం నుంచి వచ్చాను, పొద్దున్నుంచి ఏం తినలేదు, రెండేళ్ళ నుంచి ఇక్కడుంటున్నాను. తెలుగులో మూడింటికీ ఒకటే ‘నుంచి’. ఇంగ్లీషులో మూడూ మూడు మాటలు. ‘నుంచి’కి ముందున్న మాటని ప్రశ్న అడగండి. నువ్వు చోటువా? అయితే ‘ఫ్రమ్’. పని మొదలైన ఘడియవా, అంటే సోమవారం, పొద్దున, ఏడు గంటలు, 2019? అయితే ‘సిన్స్’. లెక్కపెట్టే కాలానివా, అంటే రెండేళ్ళు, మూడు గంటలు, వారం? అయితే ‘ఫర్’. ఇంకో చిన్న సంగతి. వెనకే ‘దాకా’ ఉంటే కాలమైనా సరే ‘ఫ్రమ్’ వస్తుంది. ఆరు నుంచి ఏడున్నర దాకా అంటే ‘ఫ్రమ్ సిక్స్ టు సెవెన్ థర్టీ’.

ఇక క్రియ. అప్పుడు మొదలై ఇప్పటికీ సాగుతున్న పని కాబట్టి ‘ఐ హ్యావ్ బీన్ లివింగ్ హియర్ ఫర్ టూ ఇయర్స్’ అవుతుంది. ఆ ‘హ్యావ్ బీన్’ పేరేమిటో తర్వాత నేర్చుకోవచ్చు. ముందు మీ జీవితంలో ఇప్పటికీ సాగుతున్న పది పనులు తీసుకుని ఇదే అచ్చులో పోయండి. ఎన్నాళ్ళ నుంచి కుట్టు నేర్చుకుంటున్నారు, ఎప్పట్నుంచి ఈ హాస్టల్లో ఉంటున్నారు, ఎన్ని గంటల నుంచి బస్సు కోసం చూస్తున్నారు.

మూడోది ‘లేదు’ పేజీ. ‘ఐ డిడ్ నాట్ వెంట్’, ‘డిడ్ యు ఏట్?’ అనే తప్పు పీజీ చేసినవాళ్ళ నోట కూడా విన్నాను. దీనికి సూత్రం తెలుగులోనే దొరికిన రోజు నేను పొందిన సంతోషం ఇప్పటికీ గుర్తుంది. ‘తిన్నాను’ అంటాం. కాదనాలంటే ఏమంటాం? ‘తినలేదు’. ‘తిన్నానులేదు’ అనం. జరిగిపోయిన సంగతి భారం ‘లేదు’ మోస్తుంది కాబట్టి ‘తిన్నాను’ మళ్ళీ ‘తిన’ దగ్గరికి వెళ్ళిపోయింది. ఇంగ్లీషులో ‘డిడ్’ చేసేదీ అదే. గతాన్ని అది మోస్తుంది కాబట్టి ‘ఏట్’ మళ్ళీ ‘ఈట్’ అయిపోతుంది. ఈ ఒక్క పోలిక బోర్డు మీద రాసి చూపిస్తే పిల్లల మొహాలు వెలుగుతాయి.

సాధనకి క్రియకి మూడు వాక్యాలు రాయండి: ఐ ఏట్, ఐ డిడ్ నాట్ ఈట్, డిడ్ యు ఈట్? రోజుకి ఐదు క్రియలు చాలు. రూపం బాగా మారిపోయే వాటిని చప్పుడుని బట్టి గుంపులు కట్టండి. బాట్, బ్రాట్, టాట్, థాట్, కాట్ ఒక గుంపు. స్లెప్ట్, కెప్ట్, వెప్ట్ ఒక గుంపు. అక్షరక్రమంలో పట్టిక చదివితే నిలవవు, చప్పుడు కలిస్తే పాటలా నిలుస్తాయి.

నాలుగోది ‘ఎవరు’ పేజీ. ‘వచ్చాడు’ అన్న మాటలోనే అతనున్నాడు, ‘వచ్చింది’లో ఆమె ఉంది. ‘కేమ్’లో ఎవరూ లేరు. అందుకని ఇంగ్లీషులో హి, షి, దే వదలకూడదు. వాన పడుతున్నా, తెల్లవారుతున్నా ఎవరో ఒకరు ఉండాలి కాబట్టి ‘ఇట్’ పెడతారు: ‘ఇట్ ఈజ్ రెయినింగ్’. ఇది వారం రోజుల్లో అలవాటైపోతుంది.

ఎ, ద గురించి అందరూ భయపెడతారు. మొదట్లో ఒక్క సంగతి పట్టుకుంటే చాలు. ‘అనగనగా ఒక రాజు. ఆ రాజుకి ఏడుగురు కొడుకులు.’ మొదటిసారి వచ్చినప్పుడు ‘ఒక’, వినేవాళ్ళకి తెలిశాక ‘ఆ’. ‘ఒక రాజు’ ‘ఎ కింగ్’, ‘ఆ రాజు’ ‘ద కింగ్’. నదుల పేర్లకి, వార్తాపత్రికల పేర్లకి ఉండే నియమాలు చదువుతూ ఉంటే వాటంతటవే పడతాయి.

మాటలు

శుభలేఖల వెనకవైపు తెల్లగా ఉంటుంది. చీట్లాట ముక్కలంత కత్తిరించండి. ఒకవైపు ఇంగ్లీషు మాట, రెండోవైపు అర్థానికి బదులు మీరు కట్టిన వాక్యం రాయండి. మూడు పెట్టెలు పెట్టుకోండి, స్వీట్ల డబ్బాలు చాలు. కొత్త చీటీ మొదటి పెట్టెలో వేసి రోజూ చూడాలి. తెలిస్తే రెండో పెట్టెకి వెళ్తుంది, దాన్ని మూడురోజులకోసారి చూడాలి. అక్కడా తెలిస్తే మూడోదానికి, అది వారానికోసారి. ఎక్కడ మర్చిపోయినా మళ్ళీ మొదటి పెట్టెకే. సెబాస్టియన్ లైట్నర్ అనే జర్మన్ జర్నలిస్టు 1970లలో ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇది. ఫోన్లో దీనికి యాప్‌లున్నాయి. చేత్తో రాస్తే స్పెల్లింగు కూడా వస్తుందని నేను చీట్లే వాడిస్తాను.

ఒక తెలుగు మాటకి ఒక ఇంగ్లీషు మాట అని జత కట్టొద్దు. ‘వేయడం’ చూడండి. తలుపు వేయి అంటే షట్ ద డోర్, లైటు వేయి అంటే స్విచ్ ఆన్ ద లైట్. చొక్కా వేసుకోవడం పుట్ ఆన్, మాత్ర వేసుకోవడం టేక్, ముగ్గు వేయడం డ్రా, ఓటు వేయడం క్యాస్ట్, బ్యాంకులో డబ్బు వేయడం డిపాజిట్. ఒకే ‘వేయి’ ఒకచోట మూస్తోంది, ఇంకోచోట వెలిగిస్తోంది. అందుకే చీటీ మీద ఒంటరి మాట రాయనివ్వను. ‘టేక్ ఎ టాబ్లెట్’ అని జంటగానే రాయాలి. పెట్టడం, కొట్టడం, తీయడం కూడా ఇలాంటివే. వాటికి మీరే పేజీలు తయారుచేసుకోండి.

మనం రోజూ వాడే ఇంగ్లీషు మాటల విషయంలో కొంచెం జాగ్రత్త కావాలి. ‘ఆయన సీరియస్‌గా ఉన్నాడు’ అని ఆసుపత్రి నుంచి ఫోనొస్తే ప్రాణం మీదికొచ్చిందని మనకి అర్థం. ‘హి ఈజ్ సీరియస్’ అంటే ఇంగ్లీషువాళ్ళకి ఆయన నవ్వులాటకి అనట్లేదని అర్థం. ‘హి ఈజ్ క్రిటికల్లీ ఇల్’ అనాలి. మనకి హోటలంటే ఇడ్లీ తినే చోటు, వాళ్ళకి రాత్రి బస చేసే చోటు.

నా మూడో ప్రశ్నని నేను మర్చిపోలేదు. పరీక్షల్లో ప్రశ్నని నడిపే మాటలు కొన్నే ఉంటాయి. ముందుగా చీట్లెక్కాల్సినవి అవే. డిస్టింగ్విష్ అంటే భేదాలు రాయాలి, ఎన్యూమరేట్ అంటే వరసగా లెక్కపెట్టి చెప్పాలి, ఇలస్ట్రేట్ అంటే ఉదాహరణతోనో బొమ్మతోనో చూపించాలి, జస్టిఫై అంటే కారణాలిచ్చి సమర్థించాలి, ఇన్‌ఫర్ అంటే ఇచ్చినదాన్నుంచి ఊహించి తేల్చాలి. పాత ప్రశ్నపత్రాలు ఐదు ముందేసుకుని మీరే ఏరండి.

నిఘంటువు విషయానికొస్తే, మొదటి నెల ఇంగ్లీషు-తెలుగు వాడండి, తప్పులేదు. తర్వాత నేర్చుకునేవాళ్ళ కోసం చేసిన ఇంగ్లీషు-ఇంగ్లీషు నిఘంటువుకి మారండి. లాంగ్‌మన్ 1978లో తెచ్చినదాంట్లో అర్థాలన్నీ సుమారు 2000 తేలిక మాటలతోనే చెప్పారు. కాబట్టి అర్థం చదివితే అదే ఒక చిన్న పఠనం అవుతుంది.

చదవడం

ఎవరో చెప్పారని మొదటిరోజే ఇంగ్లీషు దినపత్రిక సంపాదకీయం పట్టుకోకండి. పేజీ చదువుతూ తెలియని మాట వచ్చినప్పుడల్లా ఒక వేలు మడవండి. పేజీ అయ్యేలోపు ఐదు వేళ్ళూ మడతపడితే ఆ పుస్తకం ఇంకా మీది కాదు, పక్కన పెట్టండి. ప్రథమ్ బుక్స్ వాళ్ళు నడిపే స్టోరీవీవర్‌లో పిల్లల కథలు స్థాయిల వారీగా ఉచితంగా దొరుకుతాయి. చాలా కథలు తెలుగులోనూ ఉన్నాయి. పిల్లల కథలేమిటని మొహమాట పడొద్దు, రెండో స్థాయితో మొదలుపెట్టండి.

అంతకన్నా నేను ఎక్కువగా వాడేది బడి పుస్తకాలు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కొన్నేళ్ళుగా ద్విభాషా పాఠ్యపుస్తకాలు ఇస్తోంది. ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీలో అదే పాఠం తెలుగు. తెలంగాణలో కూడా ఇలాంటివి వచ్చాయి. మీ తమ్ముడిదో పక్కింటి పిల్లదో ఏడో తరగతి సైన్సు పుస్తకం అడిగి తీసుకోండి. తెలుగు పేజీ మీద కాగితం కప్పి ఇంగ్లీషు ఒక పేరా చదవండి. అర్థం కాని చోట పెన్సిలు గీత పెట్టండి, ఆగొద్దు. రెండోసారి చదివి ఊహించండి. అప్పుడు కాగితం తీసి తెలుగు చూడండి. ఇక్కడితో సగమే అయింది. మర్నాడు ఇంగ్లీషు పేజీ కప్పేసి, తెలుగు చూస్తూ మూడు వాక్యాలు మీరే ఇంగ్లీషులో రాయండి. కాగితం తీసి పోల్చుకోండి. తేడా ఎక్కడుందో అక్కడే మీ పాఠం ఉంది. ఇంగ్లండులో పిల్లలకి లాటిన్ నేర్పడానికి రోజర్ ఆస్కమ్ చెప్పిన పద్ధతి ఇదే. ఆయన పుస్తకం 1570లో అచ్చయింది. ఇంగ్లీషువాళ్ళు కూడా పరాయి భాష ఇలాగే నేర్చుకున్నారని చెప్తే మా పిల్లలకి ధైర్యం వస్తుంది.

పొడుగు వాక్యం దగ్గర చిక్కుపడితే ఏం చేయాలో ఒకటి చూపిస్తాను. ‘ప్లాంట్స్ దట్ గ్రో ఇన్ డెజర్ట్స్ స్టోర్ వాటర్ ఇన్ దెయిర్ స్టెమ్స్.’ ఒక అబ్బాయి ఇది చదివి, ‘ఎడారిలో స్టోర్ ఏంటి మేడమ్?’ అన్నాడు. స్టోర్ అంటే మనకి కిరాణా స్టోర్. అతని సందేహం న్యాయమైనదే. ఈ వాక్యంలో క్రియలు రెండున్నాయి, గ్రో, స్టోర్. అసలు క్రియ ఏది? తెలుగులో అయితే ‘ఎడారుల్లో పెరిగే మొక్కలు కాండాల్లో నీరు నిలవ చేసుకుంటాయి’ అంటాం. ‘ఎడారుల్లో పెరిగే’ అనే వర్ణన మొక్కల ముందొచ్చింది, అసలు క్రియ చివర కూర్చుంది. ఇంగ్లీషులో వర్ణన మొక్కల వెనక ‘దట్’ పట్టుకుని వస్తుంది, అసలు క్రియ మధ్యలో ఉంటుంది. కాబట్టి ‘దట్’ నుంచి ‘డెజర్ట్స్’ దాకా పెన్సిలుతో చుట్టండి. చుట్టిందాన్ని, చివరి ‘ఇన్ దెయిర్ స్టెమ్స్’నీ వేళ్ళతో మూస్తే మిగిలేది: ‘ప్లాంట్స్ స్టోర్ వాటర్’. మూడు మాటలు, ఎవరు, ఏం చేస్తారు, దేన్ని. వేళ్ళు తీసి మూసిన ముక్కలు మళ్ళీ కలుపుకోండి. హూ, విచ్, దట్ కనిపించిన ప్రతిచోటా ఇదే పని చేయండి. అదే రోజు ఆ అబ్బాయిని వంటింట్లోకి పంపి సేమియా ప్యాకెట్టు తెప్పించాను. దాని వెనక ‘స్టోర్ ఇన్ ఎ కూల్ అండ్ డ్రై ప్లేస్’ అని ఉంది. గట్టిగా చదివాడు, ‘నిలవ చేయండి!’ అన్నాడు.

మూడోసారి చదవడం ఎప్పుడూ పైకే చదవండి. కళ్ళు దాటేసిన ఎ, ద, ఎస్‌లని నోరు దాటెయ్యలేదు.

రోజూ, ఆదివారం

నలభై నిమిషాల్లో పది నిమిషాలు చీట్లు, పదిహేను చదవడం, పదిహేను రాయడం. రాసేది ఆ రోజు మీకు జరిగిందే, ఐదు వాక్యాలు. అనువాదం చేసే యాప్‌ని ముందు తెరవకండి. మీ వాక్యం మీరు రాశాక పోల్చుకోవడానికి తెరవండి. ముందే తెరిస్తే సరైన వాక్యం ఫోన్లో ఉంటుంది, మీ చేతికి రాదు.

ఆదివారం కొత్తది ఏదీ వద్దు. ఆ వారం రాసిన ముప్ఫై, ముప్ఫైఐదు వాక్యాలు చదివి ప్రతి తప్పు పక్కనా అది ఏ పేజీదో రాయండి: నాకు, నుంచి, లేదు, ఎవరు. ఏ పేజీకీ చెందని తప్పు మూడుసార్లు కనిపిస్తే దానికి కొత్త పేజీ తెరవండి. ఏ పేజీ తప్పు నాలుగు వారాలు వరసగా కనిపించదో ఆ పేజీ మూల మడిచేయండి, దానితో పని అయిపోయినట్టే.

నానమ్మ ఆపరేషను రాసిన అమ్మాయి ఇప్పుడు ఫైనల్ ఇయర్. నోటుబుక్కులో పదకొండు పేజీలు మడిచింది. ‘కి’ పేజీ ఇంకా మడవలేదు. ఇంటికి వెళ్ళానంటే ‘ఐ వెంట్ హోమ్’, ‘కి’ మాయమవుతుంది. బడికి అంటే ‘టు స్కూల్’, ఐదింటికి అంటే ‘ఎట్ ఫైవ్’, సోమవారానికి అంటే ‘బై మండే’, దగ్గుకి మందు అంటే ‘మెడిసిన్ ఫర్ ఎ కాఫ్’. గదికి రెండు కిటికీలుంటే ఏకంగా ‘హ్యాజ్’ వచ్చి కూర్చుంటుంది. ఆ పేజీ చాలక కింద ఇంకో కాగితం అంటించుకుంది, నిన్నటికి అదీ సగం నిండింది.